పెండ కలపని అలుకు

మా కుక్క రాజును చిరుత ఎత్తుకుపోయిన పొద్దున గొలుసు గుంజకే ఉంది. గొలుసు చివర మెడపట్టా తెగి ఉంది. వానకు తడిసిన వాకిట్లో ఈడ్చుకుపోయిన చార గోడ దాకా వెళ్లి ఆగింది. గోడ మీద గోళ్ల గీతలున్నాయి.

మా మామ మల్లయ్య ఆ చార పక్కన గొంతుకూర్చుని చూశాడు. తర్వాత గొలుసు విప్పి, బోరింగు దగ్గర కడిగి, కొట్టంలో మేకుకు తగిలించాడు. పట్టా పారేశాడు. గొలుసు పారెయ్యలేదు. ఇంకో కుక్క వస్తుంది కదా అని ఆయన లెక్క.

మా ఊరు లింగంపేట మండలం. ఊరి వెనక గుట్ట, గుట్ట వెనక అడవి. ఆ అడవి గాంధారి వైపు పోతుంది. మాది వరి, మక్క. మక్క కంకులు పాలు పట్టేసరికి అడవి పందులు దిగుతాయి. చేను దగ్గర కుక్క లేకపోతే పంట పందులదే. కాబట్టి మా ఊళ్లో పొలమున్న ప్రతి ఇంటికీ కుక్క ఉంటుంది. పగలు చేనుకు పోతుంది, పొద్దుగూకితే వాకిట్లో గొలుసుకు కట్టేస్తారు. కడప దాటి ఇంట్లోకి వచ్చిన కుక్క మా ఊళ్లో లేదు.

ఫారెస్టు వాళ్లు వచ్చి గుట్ట కింద చెట్టుకు కెమెరా కట్టారు. దూడల్నీ కుక్కల్నీ బయట ఉంచకండి అని చెప్పి పోయారు. దూడను బర్రెల నడుమ కట్టెయ్యవచ్చు, బర్రెల మధ్యకు చిరుత రాదు. కుక్కను ఎక్కడ పెట్టాలో వాళ్లు చెప్పలేదు. మా కొట్టానికి గోడల్లేవు. నాలుగు గుంజలు, పైన రేకులు.

ఆషాఢంలో మామ గాంధారి నుంచి కుక్కపిల్లను తెచ్చాడు. అక్కడ ఆయన దోస్తు కొట్టంలో ఈనిన కుక్క పిల్లల్లో మగవన్నీ అడిగినవాళ్లకు పోయాయి, ఇదొక్కటి మిగిలింది. ఆడది. మా ఆయన రమేశ్ లింగంపేట నుంచి ఎల్లారెడ్డికి ఆటో నడుపుతాడు. ఆ ఆటోలో, వైరు సంచిలో అది వచ్చింది. మామ దాన్ని వాకిట్లో దింపి, కొట్టంలోకి వెళ్లి గొలుసు తెచ్చాడు. కొత్త పట్టా దాని మెడకు వదులైంది. మేకు కాల్చి పట్టాకు ఇంకో బొక్క పెట్టాడు. నేను వాకిలి ఊడుస్తున్నాను. ఆయన గొలుసు తీసుకుని పోతున్నది రాజును కట్టిన గుంజ దగ్గరికే.

చీపురు కింద పెట్టి పిల్లను ఎత్తుకున్నాను. కడప దాటించి లోపల దింపాను.

నేను మామతో మాట్లాడను. మాకు పడక కాదు, మా ఇంట్లో పద్ధతి అది. కోడలు చెప్పాల్సింది అత్తకు చెబుతుంది, అత్త మామకు చెబుతుంది. ముగ్గురం ఒకే అర్రలో ఉన్నా అంతే. నేను చెప్పింది ఆయనకు వినబడుతుంది. అయినా అత్త నోటితో మళ్లీ వచ్చే దాకా ఆయన విననట్టే ఉంటాడు. నా పెళ్లయిననాటి నుంచీ అలాగే నడిచింది.

మామ గొలుసు పట్టుకుని కడప బయట నిలబడ్డాడు. అత్త రామవ్వ లోపల బియ్యం చెరుగుతోంది.

"ఏమే, గది ఇంట్లకెందుకు పోయింది?" అని అత్తను అడిగాడు.

"అత్తా, పులి కొంచవోయిన జాగల ఇంకోదాన్ని కట్టెయ్యనియ్య," అన్నాను. "ఇది లోపట్నే పంటది."

అత్త చాట ఆపింది. ఎవరి మాట ఎవరికి చెప్పాలో ఆమెకు తోచలేదు. మామ ఆమె కోసం ఆగలేదు.

"కుక్క ఇంట్ల పంటె లచ్చుమి నిలుస్తదానే?" అని ఆమెనే అడిగాడు.

"అత్తా, దీని పేరు లచ్చి," అన్నాను. "ఇంట్లనే నిలుస్తది."

వాకిట్లో రమేశ్ నవ్వాడు. మామ తిరిగి చూసేసరికి ఆటో టైరు తుడవడం మొదలుపెట్టాడు.

ఆ పూట అన్నం దగ్గర మామ తీర్పు చెప్పాడు. పళ్లెం వైపు చూస్తూ చెప్పాడు. "పెత్తరమాస దాక సూస్త. పెద్దలకు విస్తరేసే నాటికి గది ఇంట్ల తడుపుడు మానాలె. ఆ దినం ఒక్క చుక్క పడ్డా మాపటికి గొలుసే. మల్ల నాకు ఎవ్వలు చెప్పద్దు."

పెత్తరమాస అంటే భాద్రపద అమావాస్య. చనిపోయిన పెద్దల పేరున విస్తరి వేసి, బియ్యం ఇచ్చే రోజు. ఆ రోజు ఇంట్లో మైల ఉండకూడదు. ఆయన అడిగింది అన్యాయమని నేను అనలేకపోయాను. గడువు ఒప్పుకున్నాను.

*

ఎద్దుకు కాడి నేర్పినవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. కుక్కకు ఇది నేర్పినవాళ్లు లేరు. ఆ అవసరం ఎవరికీ రాలేదు.

మా ఇంటికి ముందు ఒక అర్ర, దానికి సిమెంటు నేల. మామ మంచం అక్కడే. దాని వెనక నడిమిల్లు, మట్టి నేల. అక్కడే వడ్ల గుమ్మి, గోడకు పెద్దల ఫొటోలు. రెండింటికీ మధ్య దర్వాజ ఉంది కానీ తలుపు లేదు. లచ్చి మొదటిసారి తడిపింది గుమ్మి పక్కన.

అత్త తనకు తెలిసినట్టు చేసింది. మెడ పట్టుకుని మూతి దాంట్లో రాసి, రెండు దెబ్బలేసి, వాకిట్లోకి విసిరింది. తర్వాత కొట్టంలోకి వెళ్లి బర్రె పెండ తెచ్చి, నీళ్లు కలిపి, ఆ చోట అలికింది. పైన పిండి ముగ్గు గీసింది. మైల పోయింది.

మర్నాడు లచ్చి ఆ ముగ్గు మీదే తడిపింది.

అత్త మళ్లీ మూతి రాసింది, మళ్లీ అలికింది. అది మళ్లీ తడిపింది. రమేశ్ ఎల్లారెడ్డి నుంచి ఫినాయిలు తెచ్చాడు. నేను ఫినాయిలు పోసి తుడిస్తే, ఆ వాసన ఇంట్లో ఉండకూడదని అత్త దాని మీద పెండ పూసింది. కొన్నాళ్లకు లచ్చి నేర్చుకున్నది ఒకటే. అత్త కొంగు కనబడితే గుమ్మి వెనక దూరడం. అక్కడ తడిపేది. అత్త గుమ్మి వెనక కూడా అలకడం మొదలుపెట్టింది.

నాకు తోచింది నేను చేశాను. అది నిద్ర లేవగానే, తిండి తినగానే వాకిలి మూలన పెంటకుప్ప దగ్గరికి తీసుకుపోయి నిలబడేదాన్ని. ఆ గోడ దూకే కదా చిరుత వచ్చింది, అందుకని చేతిలో కట్టె పట్టుకునేదాన్ని. వాన పడితే నెత్తిన యూరియా బస్తా. పక్కింటి బాలలక్ష్మి గోడ మీద గడ్డం ఆనించి చూసేది. ఆమె నోరు ఊరందరికీ తెలుసు.

"ఏందే అనిలా, కుక్కకు ఉచ్చ పోయించుడే కొలువా నీకు?"

"కొలువే. జీతమిస్తవా?"

"నా పేరు దానికి పెట్టినవంట."

"నీ పేరు బాలలచ్చవ్వ. దీనిది ఉత్త లచ్చి."

ఆమె నవ్వి, తమ కుక్క టైగర్ గొలుసుకు కట్టేస్తే కుక్కిన పేనులా ఉంటుందని, కుక్కను కుక్కలాగ ఉంచాలని చెప్పింది. ఈ మాట ఆమె నాకే కాదు, బీడీలు చేసే దగ్గర కూర్చున్న ఆడవాళ్లందరికీ చెప్పింది. నాట్లకు పోతే మడిలో వంగి ఉన్నవాళ్లు కూడా లచ్చికి పక్క ఏసినవా, దుప్పటి కప్పినవా అని అడిగేవాళ్లు. పక్క వేశాను, దుప్పటి చాలదు, నీ చీర ఒకటి ఇయ్యి అనేదాన్ని. తల దించుకుంటే పెత్తరమాస దాకా ఎత్తలేనని నాకు అర్థమైంది.

బాపుతో ఎందుకు పెట్టుకుంటావని రమేశ్ ఒకసారి నన్ను అడిగాడు. పెట్టుకున్నది నేను కాదు, పులి అన్నాను. అతను ఇంక అడగలేదు. ఇంకో సంగతి మాత్రం చెప్పాడు. మామ పగటిపూట లచ్చిని చేనుకు తీసుకుపోతున్నాడు కదా, అక్కడ సద్ది విప్పితే దానికి ముందు ఒక ముద్ద పెడుతున్నాడట. ఇంట్లో మాత్రం దాని వైపు చూడడు.

శ్రావణంలో ఒక తెల్లవారుజామున బాలలక్ష్మి కేక విని లేచాం. వాళ్ల వాకిట్లో గొలుసు ఉంది. టైగర్ లేదు. మామ వాళ్ల ఇంటికి పోయి చూసి వచ్చాడు. వచ్చి మంచం మీద కూర్చుని, కాళ్ల దగ్గర పడుకున్న లచ్చిని చూశాడు. కాలితో నెట్టలేదు.

ఆ రోజు బాలలక్ష్మి గోడ దగ్గరికి వచ్చినప్పుడు నేను లచ్చితో పెంటకుప్ప దగ్గరే ఉన్నాను. మీది లోపలే ఉందా అని ఆమె అడిగింది. లోపలే అన్నాను. ఆమె గోడకు ఆనుకుని అక్కడే కూర్చుంది.

*

ఆ తర్వాత అత్తకు జ్వరం వచ్చింది. ఆ వానల్లో ఊరంతా జ్వరాలే. రమేశ్ ఆమెను కామారెడ్డి దవాఖానాకు తీసుకుపోయి తెచ్చాడు. లేచి తిరగలేక ఆమె మంచంలోనే ఉంది. నేను నాట్లకు పోవాలి, వంట చెయ్యాలి, బర్రెలు చూడాలి. నడిమిల్లు ఊడ్చాను గానీ అలకలేదు.

ఇల్లు తడవలేదు.

మొదటి రోజు నేను దాన్ని పట్టించుకోలేదు. రెండో రోజు గుమ్మి వెనక వంగి చూశాను. పొడిగా ఉంది. లచ్చి నిద్ర లేచి వాకిలి తలుపు వైపు నడిచింది. నేను తలుపు తీశాను. పెంటకుప్ప దగ్గరికి పోయి కూర్చుని వచ్చింది. అత్త లేచే దాకా అలాగే నడిచింది. కుక్కకు బుద్ధి వచ్చిందని అనుకున్నాను.

అత్త జ్వరం తగ్గి తలకు పోసుకుంది. శుక్రవారం. ఇన్ని రోజులు అలకని ఇల్లు ఇల్లేనా అని పెండ తెచ్చి నడిమిల్లంతా అలికింది. నేల ఇంకా ఆరలేదు, లచ్చి లోపలికి వచ్చి వాసన చూసింది. గుమ్మి పక్కన కాదు, నడిమింట్లో నడిమధ్యలో, ఇంతకు ముందెప్పుడూ తడపని చోట తడిపింది. తడిపి, తోక ఊపుతూ నా వైపు చూసింది. తప్పు చేసిన కుక్క చూపు కాదది.

అత్త చేతిలో బకీటు, బకీటులో మిగిలిన పెండనీళ్లు. మామ మంచం కింద సిమెంటు నేల. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి లచ్చి ఆ సిమెంటు మీద ఒక్కసారి కూడా తడపలేదు. ఆ సంగతి అప్పుడు తట్టింది. అది కొట్టంలో పుట్టింది. బర్రెల కాళ్ల సందున, పెండలో కళ్లు తెరిచింది. పెండ ఉన్న చోటే ఆ పని చెయ్యాలని దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. మేము అది తడిపిన చోటల్లా పెండ పూసి, ఇదే నీ చోటు అని చెబుతూ వచ్చాం. అది మా మాట విన్నది.

అత్తకు చెబితే ఆమెకు కోపం వచ్చింది.

"నా చెయ్యి పాడుదంటవా? ఈ ఇంట్లకొచ్చిన కాడికెల్లి అలుకుతున్న. ఈ అలుకు మీదనే నీ మొగడు పారాడిండు."

నేను గుప్పెడు పెండ తీసుకుని వాకిట్లోకి పోయాను. పెంటకుప్పకు దూరంగా, బోరింగు పక్కన, లచ్చి ఎప్పుడూ ఆగని చోట నేల మీద పూశాను. దానికి అన్నం పెట్టి, తిన్నాక వదిలాను. అది వాకిలంతా తిరిగింది. బోరింగు దగ్గరికి పోయింది. పూసిన చోట వాసన చూసి, ఒక చుట్టు తిరిగి, కూర్చుంది.

అత్త కడప మీద నిలబడి అంతా చూసింది. తర్వాత గోలెం దగ్గర చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"పెండ లేంది మట్టి నిలుస్తదా?" అంది. "నేల పర్రెలిస్తది గద."

"ఎర్రమన్ను పూద్దం అత్తా. జిగటమన్ను. చెల్కల ఉన్నది."

"మరి పెత్తరమాసకు?"

నేను లచ్చి వైపు చూశాను.

"పెత్తరమాసకు మాత్రం పెండే," అంది. "గది నా చేతుల లేదు."

అప్పుడే ఇద్దరం గడువు సంగతి ఆలోచించాం. ఒక్క చుక్క పడకూడదని మామ పెట్టిన రోజూ, ఇల్లంతా పెండతో అలికే రోజూ ఒకటే. ఆయన కావాలని పెట్టలేదు. ఆయనకు తెలియదు. చెబుదామా అని అత్తను అడిగాను. కుక్క కోసం అలుకు మానాలని ఏ నోటితో చెప్పాలి అంది.

నేను చెలక నుంచి ఎర్రమన్ను తెచ్చాను. గుమ్మి పక్కన తడిసిన నేలను గడ్డపారతో తవ్వి, ఆ మన్ను తట్టకెత్తి పారపోశాను. కొత్త మన్ను నింపి, దిమ్మిసతో కొట్టాను. పైన ఎర్రమన్ను నీళ్లతో అలికాను. నడిమిల్లు ఎర్రగా అయింది. మామ వచ్చి చూశాడు. రోజువారీ సంగతి ఆడవాళ్లదని ఊరుకున్నాడో ఏమో, ఏమీ అడగలేదు. లచ్చి వాసన చూసింది. అవతలికి నడిచింది.

భాద్రపదం వచ్చింది. ఇల్లు పొడిగానే ఉంది.

*

పెత్తరమాస ముందు రోజు బిచ్కుంద నుంచి మామ అక్క అనసూయమ్మ వచ్చింది. తల్లిదండ్రులకు విస్తరి వేసే రోజు ఆమె ఏటా వస్తుంది. మామను ఎత్తుకుని పెంచింది ఆమెనే. ఆమె కూర్చోమంటే ఆయన ఇప్పటికీ కూర్చుంటాడు. కడప లోపల లచ్చిని చూసి ఆమె వెనక్కి తగ్గింది. కాళ్లు కడుక్కున్నది మళ్లీ కడుక్కుంది. తమ్ముడిని ఏమీ అడగలేదు. అత్తను అడిగింది. అత్త, పులి సంగతి చెప్పింది. పులి ఇంటి బయట కదా ఉంది, కుక్క లోపలెందుకు అని అనసూయమ్మ అంది.

పెత్తరమాస పొద్దున నేను అందరికంటే ముందు లేచాను. నడిమింట్లోని చాటలు, బిందెలు బయట పెట్టాను. గోడల దాకా ఊడ్చి, ఎర్రమన్ను కలిపి, వంటింటి దాకా అలికాను. ఆరాక ముగ్గులు వేశాను. లచ్చిని సిమెంటు అర్రలో మంచం కోడుకు తాడుతో కట్టి ఉంచాను. పని అయ్యాక విప్పేశాను.

మామ తానం చేసి, ధోతి కట్టుకుని వచ్చాడు. ఫొటోల కింద నేల చూశాడు. ఆయన వెనక అనసూయమ్మ. ఆమె చేతిలో బకీటు ఉంది. పెండ ఆమే తెచ్చి, కలిపి పెట్టింది.

"ఇయ్యాల గూడ ఎర్రమన్నేనా?" అని మామ అత్తను అడిగాడు. "పెండ కలపలేదేంది?"

అత్త నా వైపు చూసింది. ఇప్పుడు నేను అత్తకు చెప్పాలి. అత్త ఆయనకు చెప్పాలి.

"కలపలేదు మామా," అన్నాను. "కలపను గూడ."

మామ ముందర నిలబడి మాట్లాడడం ఎక్కడి పద్ధతి అని అనసూయమ్మ అంది. మామ ఆమె వైపు తిరగలేదు. నా వైపూ చూడలేదు. నేల వైపే చూస్తూ అడిగాడు.

"ఎందుకు?"

"లచ్చి పెండల పుట్టింది. పెండ వాసనొస్తే గదే దాని జాగ అనుకుంటది. ఇన్ని దినాలు మనం అలికిన కాడల్ల తడిపింది. మానంగనే మానింది. ఇయ్యాల అలికితే ఇయ్యాల తడుపుతది. మీరు గొలుసు తీస్తరు."

"పెద్దల దినం నాడు కుక్క కోసం ఇల్లలకవా?"

"అలికిన మామా. మన చెల్క మన్నుతోనే అలికిన. తాత దున్నిన మన్నే గది."

ఇంక చెప్పాల్సింది ఒకటి ఉంది. ఆషాఢం నుంచి అది నా నోట్లోనే ఉంది.

"రాజును పులి దొరకవట్టలే మామా. మనమే కట్టేసి పెట్టినం."

మామ ధోతి కుచ్చెళ్లు సవరించుకున్నాడు. అవి సరిగానే ఉన్నాయి.

అనసూయమ్మ బకీటు అత్త ముందు పెట్టింది. కోడలు అలకకపోతే అత్తకు చేతుల్లేవా అని అడిగింది. శుద్ధి పెండతోనే అవుతుందని, ఎర్రమన్ను గోడలకు పూసుకోవాలని చెప్పింది. అత్త బకీటు వైపు చూసింది. ముందటి సాయంత్రం ఆమె పీట కూడా వేసుకోకుండా కింద కూర్చుని, చింతపండు గింజలు తీసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది.

"నా మోకాళ్లు వంగుత లెవ్వు వదినా," అంది.

"అయితే నేనే అలుకుత," అని అనసూయమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. బకీటు ఎత్తి ఫొటోల కిందికి నడిచింది. వంగి చెయ్యి పెండనీళ్లలో పెట్టింది. లచ్చి సిమెంటు అర్రలో నుంచి లేచి, దర్వాజ దగ్గరికి వచ్చి, ముక్కు పైకెత్తింది.

"అక్కా," అన్నాడు మామ. "బకీటు కింద పెట్టు."

"అమ్మ బాపులకు విస్తరి యాడ ఏస్తవ్‌రా?"

"గీడనే ఏస్త. ఇల్లు గలామె వద్దంటున్నది."

"రామవ్వ వద్దనలే గదరా."

"రామవ్వ గాదు."

అనసూయమ్మ వంగినది వంగినట్టే ఉండి తమ్ముడిని చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. ఆమె చేతి నుంచి పెండనీళ్లు బకీటులోకి కారుతున్నాయి, ఒక్క చుక్క నేల మీద పడలేదు. లేచి నిలబడింది. అత్త వెళ్లి ఆమె చేతిలోంచి బకీటు తీసుకుని, వాకిట్లో పారబోసి వచ్చింది. పారబోసే చోటు దాకా నడిచి వంగి లేచి రావడానికి ఆమె మోకాళ్లు అడ్డం రాలేదు.

మామ ఎర్ర నేల మీద పీట వేసుకుని కూర్చున్నాడు. విస్తరి వేశాడు. తండ్రి పేరు, తల్లి పేరు, వాళ్ల తండ్రుల పేర్లు చెప్పి నీళ్లు విడిచాడు. చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టుకుని గుడి దగ్గరికి పోయి అయ్యగారికి ఇచ్చి వచ్చాడు. కాకికి ముద్ద రేకుల మీద పెట్టాడు. కాకి వచ్చింది. అనసూయమ్మ అది వచ్చే దాకా వాకిట్లో నిలబడి చూసి లోపలికి వచ్చింది.

మగవాళ్లు తిన్నాక మేము ముగ్గురం నడిమింట్లో కూర్చున్నాం. చిరుత భయానికి ఆ రోజుల్లో పగలు కూడా వాకిలి తలుపు వేసే ఉంచేవాళ్లం. బయట బతుకమ్మకు పువ్వులు తేవడానికి పోయే ఆడవాళ్ల మాటలు వినబడుతున్నాయి. గునుగు పువ్వు గుట్ట కిందే దొరుకుతుంది, అందుకని ఆ ఏడు గుంపుగా పోతున్నారు. మామ అవతలి అర్రలో మంచం మీద నడుం వాల్చాడు. లచ్చికి నేను ముందే అన్నం పెట్టాను.

తింటుండగా అది లోపలికి వచ్చింది. గుమ్మి దాకా పోయి నేల వాసన చూసింది. ఒక చుట్టు తిరిగింది. అత్త చెయ్యి నోటి దగ్గర ఆగింది. అనసూయమ్మ చెయ్యి విస్తట్లో ఆగింది. అవతల మంచం కిర్రుమంది. మామ లేచి కూర్చున్నాడని ఆ చప్పుడుకే తెలిసింది.

లచ్చి తల ఎత్తింది. మా ముందు నుంచి నడిచి, దర్వాజ దాటి, సిమెంటు అర్ర దాటి, వాకిలి తలుపు దగ్గరికి పోయింది. ముందు కాలు కడప మీద పెట్టి మూలిగింది.

నేను లేవబోయాను.

"పెద్దల విస్తరి ముంగట నడుమల లేవద్దు," అంది అనసూయమ్మ.

అది నిజం. తిన్నంత సేపు కూర్చోవాలి, మధ్యలో లేస్తే పెద్దలు ఆకలితో పోతారని అంటారు. మా అమ్మ కూడా నాకు అదే చెప్పింది.

లేచాను. ఎంగిలి చెయ్యి పక్కకు పట్టుకుని, ఎడమ చేత్తో కట్టె తీసుకుని, తలుపు గడియ మోచేత్తో నెట్టాను. లచ్చి పెంటకుప్ప దగ్గరికి పరుగెత్తింది. నేను దానికి వీపు పెట్టి, గుట్ట వైపు తిరిగి నిలబడ్డాను.